పద్దుకెక్కని గుడ్డముక్కలు

మూడు నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే మన పత్రికలు దాన్ని 'అతుకుల బొంత' అంటాయి. నవలలో పొందిక కుదరకపోతే సమీక్షకులూ ఆ మాటే వాడతారు. ఒక జంటను చూసి 'గంతకు తగ్గ బొంత' అన్నారంటే అందులో మెచ్చుకోలు కంటే వెక్కిరింతే ఎక్కువ. గంత అంటే సరుకు మోసే పశువు వీపున వేసే మెత్త. దానికి జోడీగా దొరికింది పాత గుడ్డల బొంత. ఇలా మన భాషలో బొంత ఎప్పుడూ తీసికట్టు వస్తువే. కానీ జీవితంలో ఒక్క బొంతైనా కుట్టిన మనిషి ఆ మాటను తిట్టుగా వాడలేదు. అతుకు నిలవకపోతే అది బొంతే కాదని ఆమెకు తెలుసు.

శరత్కాలం వస్తోందంటే మస్కట్‌లో కొందరి భోజనాల బల్లల మీద గుడ్డముక్కలతో కుట్టిన పట్టీలు కనిపిస్తాయి. టేబుల్ రన్నర్ అంటాం. అమెరికా, ఐరోపాల నుంచి వచ్చిన అలవాటు ఇది. నారింజ, ఇటుక ఎరుపు, గోధుమ రంగు ముక్కలను మేపిల్ ఆకుల్లాగానో గుమ్మడికాయల్లాగానో కత్తిరించి, అతికి, లోపల దూది పొర పెట్టి కుడతారు. మన తెలుగు ఇళ్ళలోనూ కొందరు దీన్ని సరదాగా నేర్చుకుంటున్నారు. సంతోషమే. అయితే కుట్టే ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటే బాగుంటుంది. మనం కుడుతున్నది ఏ శరత్కాలం? మన చేతిలో ఉన్న ఈ ముక్కలు ఎక్కడివి? ఈ రెంటికీ జవాబు వెతుకుతూ పోతే మోటుపల్లి, మచిలీపట్నం, మత్రా, జాంజిబార్ అన్నీ ఒకే దారం మీదికి వస్తాయి.

ఖరీఫ్ అనే మాట

ముందు రుతువు సంగతి చూద్దాం. ఒమాన్‌లో ఆకులు ఎర్రబడి రాలే కాలం అంటూ ప్రత్యేకంగా లేదు. కానీ 'శరత్తు' అనే మాట ఉంది. అరబ్బీలో శరత్కాలాన్ని ఖరీఫ్ అంటారు. దక్షిణాన ధోఫార్‌లో ఈ మాటకు ఇంకో అర్థం స్థిరపడింది. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు సలాలా చుట్టూ ఉన్న కొండలను తాకి, మంచూ తుంపరా కమ్మి, ఎడారి అంచున పచ్చదనం పుట్టించే కాలమే అక్కడి ఖరీఫ్. ఆ రోజుల్లో మస్కట్ నుంచి కార్లు బారులు తీరి సలాలాకు వెళతాయి.

ఈ మాట వినగానే తెలుగు రైతుబిడ్డకు ఏం గుర్తొస్తుంది? ఖరీఫ్ వరి. మన వ్యవసాయ శాఖ కాగితాల్లో, రేడియో వ్యవసాయ కార్యక్రమాల్లో వినిపించే ఖరీఫ్, రబీ అనే రెండు మాటలూ అరబ్బీవే. ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. పంట ఆ కాలంలో చేతికొస్తుంది కాబట్టి ఆ పేర్లు. పారశీకం పాలనాభాషగా ఉన్న రోజుల్లో అవి రెవెన్యూ లెక్కల్లోకి దిగి, అక్కడి నుంచి పొలం గట్టు దాకా వచ్చాయి. సలాలా మంచుకూ గోదావరి నాట్లకూ పేరు పెట్టింది ఒకే మాట, నడిపించేది ఒకే గాలి. ఆ గాలే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఓడలను కూడా నడిపింది.

కట్టల చరిత్ర

ఆ ఓడల్లో ఏముండేదో సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి ఒక గ్రీకు నావికుడు రాసిపెట్టాడు. క్రీస్తు శకం ఒకటో శతాబ్దం నాటి 'ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్' అనే ఆ పుస్తకంలో మస్కా అనే రేవు గురించి ఉంది. సలాలాకు తూర్పున, తాఖా దగ్గరున్న ఖోర్ రోరీయే అదని పండితులు చాలామంది ఒప్పుకున్నారు. భారతదేశపు పడమటి తీరం నుంచి ఆలస్యంగా బయల్దేరిన ఓడలు ఆ రేవులో ఆగి, బట్టలు, గోధుమలు, నువ్వుల నూనె ఇచ్చి, బదులుగా సాంబ్రాణి తీసుకెళ్ళేవని ఆ రచయిత చెప్పాడు. అదే పుస్తకంలో ఇంకొంచెం ముందుకు వెళితే తూర్పు తీరంలో మసాలియా అనే ప్రాంతం వస్తుంది. అక్కడ సన్నని నూలు బట్ట విస్తారంగా తయారవుతుందన్నాడు. అది మన కృష్ణా డెల్టా, మచిలీపట్నం సీమ. ఖోర్ రోరీ శిథిలాలను మీలో చాలామంది చూసే ఉంటారు. సాంబ్రాణి భూమిగా యునెస్కో 2000లో గుర్తించిన స్థలాల్లో అదొకటి.

తరవాత పన్నెండు వందల ఏళ్ళు దాటి మోటుపల్లికి వద్దాం. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ అభయ శాసనం వేయించాడు. తుఫానులో చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకమే తీసుకుంటాననీ పరదేశి వర్తకులకు మాటిచ్చాడు. ఆ శతాబ్దం చివర్లో ఈ సీమ గురించి చెప్పిన మార్కో పోలో, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని మెచ్చుకున్నాడు. ఒమాన్ తీరాన సూర్ దగ్గరున్న ఖల్హాత్ రేవు గురించి కూడా రాసింది ఆయనే. ఆ రేవును 1508లో పోర్చుగీసువాళ్ళు ధ్వంసం చేశారు. వాళ్ళు అంతకు ముందు ఏడాదే మస్కట్‌ను పట్టుకుని, 1650లో ఒమానీలు వెళ్ళగొట్టేదాకా కోటల్లో కూర్చున్నారు.

గోల్కొండ రోజుల్లో మచిలీపట్నం ఈ సీమకు పెద్ద రేవు. ఇంగ్లీషువాళ్ళు 1611లో అక్కడ వర్తకస్థానం పెట్టుకున్నారు. పారశీక అభిరుచికి తగ్గట్టు పూలతీగలు వేసిన బట్టలు అక్కడి నుంచి గల్ఫ్ రేవులకు వెళ్ళేవి. ఆ పనికి మనం ఇప్పటికీ వాడే కలంకారీ అన్న పేరు కూడా పారశీకమే. మోటుపల్లికి దగ్గర్లోనే ఉన్న చీరాలలో తేలియా రుమాలు నేసేవారు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో పదే పదే నానబెట్టి, ఎరుపు, నలుపు రంగులు పట్టించి, తెలుపు కలిపి నేసే చదరపు గుడ్డ అది. నూనె పట్టిన నూలు ఎండకు చలవ అనీ, దుమ్ము పట్టదనీ ప్రతీతి. అందుకే అరబ్బు దేశాల్లో తలకు చుట్టుకోవడానికి దానికి గిరాకీ ఉండేది. ఆ విద్య తరవాత నల్లగొండ వైపు పుట్టపాకలో స్థిరపడింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మస్కట్ వైపు ఈ వ్యాపారాన్ని నడిపినవాళ్ళు తెలుగువాళ్ళు కారు. కచ్ నుంచి వచ్చిన భాటియాలు, సింధు వైపు మూలాలున్నాయని చెప్పే లవాతియాలు. ఖిమ్జీ రాందాస్ సంస్థ ఇక్కడ 1870లో మొదలైంది. జాంజిబార్‌లో సుంకాల వసూలు హక్కు చాలాకాలం జైరాం శివ్‌జీ కుటుంబ సంస్థ చేతిలో ఉండేది. ఓడలో ఎన్ని కట్టలు వచ్చాయి, కట్టకు ఎంత సుంకం అని వాళ్ళ గుమాస్తాలు రాసుకున్నారు. రాజుల శాసనాలైనా, కంపెనీల ఉత్తరాలైనా, షావుకార్ల చిట్టాలైనా లెక్కపెట్టింది కట్టలనే. కట్ట విప్పి బట్టను ఇంటికి తీసుకెళ్ళాక దాని సంగతి ఎవరూ రాయలేదు. అది ఒంటి మీద ఎన్నేళ్ళుంది, చిరిగాక ఏమైంది అన్నది ఏ పద్దులోనూ లేదు. మనం సాధారణంగా చదివే బట్టల చరిత్ర అందుకే సగం చరిత్ర.

ముక్కలు కలిపిన చేతులు

మిగిలిన సగం ఆడవాళ్ళ చేతుల్లో ఉంది. అది కాస్త తొంగిచూసే చోటు జాంజిబార్.

పందొమ్మిదో శతాబ్దంలో మస్కట్ పాలకుడు సయ్యిద్ సయీద్ తన కొలువును జాంజిబార్‌కు మార్చాడు. 1833 సెప్టెంబరు 21న అమెరికాతో ఆయన వాణిజ్య ఒప్పందం చేసుకున్నాడు. తరవాత మసాచుసెట్స్ మిల్లుల్లో తయారైన ముతక తెల్లగుడ్డ ఆ తీరాన్ని ముంచెత్తింది. స్థానికులు దానికి మెరికానీ అని పేరు పెట్టారు. అది భారతీయ నూలు గుడ్డను చాలావరకు వెనక్కి నెట్టేసింది. ఆ గుడ్డకు బదులుగా లోపలి ప్రాంతాల నుంచి ఏనుగు దంతాలూ వచ్చాయి, బానిసలుగా మనుషులూ వచ్చారు. జాంజిబార్ బానిసల బజారు 1873లో గాని మూతపడలేదు. గుడ్డ చరిత్ర చెప్పేటప్పుడు ఈ మాట దాటవేయడం తగదు.

ఆ శతాబ్దం చివర్లో జాంజిబార్, మొంబాసా స్త్రీలు తానుల్లో వచ్చే అచ్చురుమాళ్ళను విడివిడిగా కత్తిరించకుండా, మూడేసి రుమాళ్ళున్న రెండు పట్టీలను పక్కపక్కన కుట్టి, ఆరు రుమాళ్ళను ఒక పెద్ద గుడ్డగా చుట్టుకోవడం మొదలుపెట్టారని చెబుతారు. రుమాలుకు పోర్చుగీసు మాట నుంచి వచ్చిన లేసో అనే పేరే ఆ గుడ్డకూ స్థిరపడింది. వ్యాపారులు ఇది గమనించి, అతుకు అవసరం లేకుండా ఆ కొలతకే గుడ్డను అచ్చు వేయించారు. ఈనాడు తూర్పు ఆఫ్రికా అంతటా కనిపించే కంగా అలా పుట్టింది. అంటే ఒక అతుకు మిల్లుల తయారీనే మార్చింది. ఆ మొదటి అతుకు వేసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఆఫ్రికా నుంచి మన వైపు వచ్చిన దారి కూడా ఒకటుంది. ఉత్తర కన్నడ జిల్లాలో ఉంటున్న సిద్దీల పూర్వీకులలో చాలామంది పోర్చుగీసు గోవా మీదుగా బానిసలుగా వచ్చినవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు పాత బట్టలతో కవంది అనే బొంత కుడతారు. అంచు నుంచి మొదలుపెట్టి, ముక్క మీద ముక్క వేస్తూ, లోపలికి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుకుంటారు. చివర నాలుగు మూలలా మడిచిన ముక్కలతో 'ఫులా' అంటే పువ్వులు పెడతారు. అవి లేకపోతే కవందికి ఒంటి మీద బట్ట లేనట్టేనని వాళ్ళ మాట. 2011లో న్యూయార్క్‌లోని షాంబర్గ్ కేంద్రంలో ఈ కవందులతో ప్రదర్శన జరిగింది. అంతకుముందు 2002లో, అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన బొంతలు న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా బిళ్ళలు కూడా వచ్చాయి. ఎవరి చరిత్రను ఎవరూ రాయలేదో వాళ్ళు దాన్ని గుడ్డలో దాచుకున్నారని ప్రపంచం ఆలస్యంగానైనా గుర్తించింది.

మన బొంత

మరి మన బొంత? దానికి వంశం లేకపోలేదు. సంస్కృతంలో కంథ అంటే అతుకుల వస్త్రం. విరాగుల ఒంటి మీది గుడ్డ. బౌద్ధ భిక్షువుల చీవరం ముక్కలు అతికి కుట్టాల్సిందే. మగధ పొలాల గట్ల వరసను చూపి, చీవరాన్ని ఆ పద్ధతిలో కుట్టమని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్టు వినయ పిటకంలో ఉంది. అమరావతి, నాగార్జునకొండల్లో నడిచిన భిక్షువులు అలాంటి గుడ్డే కప్పుకుని ఉంటారు. బెంగాలు కాంథా, కన్నడ కౌది, మరాఠీ గోధడి, సింధు వైపు రల్లీ అన్నీ మన బొంతకు చుట్టాలే.

మన బొంత తయారీ మన తరం వాళ్ళకు ఇంకా కొంత గుర్తుంది. నాలుగైదు పాత నేతచీరలు ఉతికి, గంజి పోగొట్టి, వాకిట్లో ఒకదాని మీద ఒకటి పరిచి, గాలికి లేవకుండా మూలల మీద రాళ్ళు పెట్టేవారు. పైన రంగు ముక్కలు అమర్చేవారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, పెద్ద సూదితో, లావు దారంతో, వరస తప్పకుండా కుట్టుకుంటూ పోయేవారు. ఊరూరా తిరిగి బొంతలు కుట్టిపెట్టే స్త్రీలూ ఉండేవారు. గింజలో, అన్నమో, కొంత డబ్బో వాళ్ళ కూలి. బొంత మెత్తదనం కొత్త గుడ్డకు రాదు. వందసార్లు ఉతికిన చీరకే వస్తుంది. అందుకే పసిబిడ్డను పొత్తిళ్ళలో పెట్టడానికి పాత గుడ్డే వెతుకుతారు. బొంత విప్పి చూస్తే ఒక ఇంట్లో ఇరవై ఏళ్ళలో ఎవరు ఏం కట్టారో తెలుస్తుంది. నాయనమ్మ జరీ లేని అంచు, అత్త పెళ్ళినాటి రవికె, పిల్లవాడి బడి చొక్కా అన్నీ అందులో ఉంటాయి. ఏ షావుకారు చిట్టాలోనూ లేని లెక్క అది.

ఈ బొంత మన ఇళ్ళలోంచి ఎందుకు వెళ్ళిపోయింది? మిల్లు దుప్పట్లు వచ్చాయి. ఉతికితే మెత్తబడని పాలియెస్టర్ చీరలు వచ్చాయి. ఇవి అందరికీ తెలిసిన కారణాలే. ఇంకొక కారణం మనమే.

ఒమాన్ నుంచి చమురు ఎగుమతి 1967లో మొదలైంది. 1970 జులైలో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక రోడ్లు, రేవులు, ఆసుపత్రులు కట్టడానికి వేలాదిగా మనుషులు కావలసి వచ్చారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మగవాళ్ళు మేస్త్రీలుగా, కూలీలుగా గల్ఫ్ దేశాలకు వచ్చారు. ఆడవాళ్ళు ఇంటిపనికి వచ్చారు. రెండేళ్ళకోసారి ఊరికి వెళ్ళేటప్పుడు తాడు బిగించి కట్టిన అట్టపెట్టెలో తప్పకుండా ఉండే వస్తువు ఒకటుంది. నాలుగైదు కిలోల బరువుండే, పులిబొమ్మో గులాబీలో ఉన్న నున్నటి కంబళి. అది ఇంట్లో ఉంటే ఈ ఇంటి మనిషి గల్ఫ్‌లో ఉన్నాడని వీధికి తెలుస్తుంది. ఆడపిల్ల పెళ్ళి సారెలోకీ అదే వెళ్ళింది. అది మంచం మీదికి ఎక్కిన రోజున బొంత అటక మీదికి ఎక్కింది. కొన్నాళ్ళకు ఎడ్లబండిలో పరుపయింది, ఆ తరవాత కుక్క పడుకునే గుడ్డయింది.

ఆ కంబళి తెచ్చినవాళ్ళను తప్పు పట్టలేం. ఎండలో నిలబడి సంపాదించిన డబ్బుతో అమ్మకు వెచ్చటి దుప్పటి కొనడం చిన్న సంగతేమీ కాదు. బొంత కప్పుకున్నవాళ్ళలో చాలామంది వేరే గతి లేక కప్పుకున్నవాళ్ళే. దాన్ని ఇప్పుడు పూలదండ వేసి పూజించడం కూడా అబద్ధమే అవుతుంది. అయితే కంబళి వెచ్చదనం తెచ్చింది గాని ఆ లెక్క తేలేదు. అందులో ఎవరి చీరా లేదు. అది చిరిగితే పారేయడమే. అతుకు వేయడానికి వీల్లేదు. మెరికానీ వచ్చినప్పుడు నేతగాడి మగ్గానికి జరిగినది, కంబళి వచ్చినప్పుడు ఇంటి సూదికి జరిగింది. తేడా ఏమిటంటే ఈసారి ఓడ సరుకు మోసుకెళ్ళింది మనమే.

బల్ల మీది పట్టీ

అందుకే భోజనాల బల్ల మీది ఆ చిన్న పట్టీ నాకు కేవలం అలంకారంగా కనిపించదు. పరుపు మీది బొంతను మనం తిరిగి తెచ్చుకోలేం. మస్కట్ ఎండల్లో దానితో అవసరమూ లేదు. కానీ మూరెడు వెడల్పు పట్టీలో ఆ లెక్కను కొనసాగించవచ్చు.

పని కష్టం కాదు. 5 అంగుళాల చదరాలు 36 కత్తిరించుకోండి. పావు అంగుళం లోపలికి కుడుతూ, వరసకు 12 చొప్పున మూడు వరసలు కలిపితే 54 అంగుళాల పొడవు, పదమూడున్నర అంగుళాల వెడల్పు పట్టీ వస్తుంది. ఆరుగురు కూర్చునే బల్లకు సరిపోతుంది. కత్తిరించే ముందే ముక్కలన్నీ ఉతికి ఆరబెట్టాలి. లేకపోతే కొత్త ముక్క తరవాత కుంచించుకుపోయి పాత ముక్కను లాగుతుంది. రంగు దిగే ఎర్ర గుడ్డను విడిగా ఉతకాలి. నూలును నూలుతోనే కలపండి. పాలియెస్టర్ పక్కన నూలు త్వరగా చిరుగుతుంది. దూది పొర కొనక్కర్లేదు, పాత నేతచీరను రెండు మడతలు వేసి మధ్యలో పెడితే చాలు. ముందు పొడవు కుట్లతో మూడు పొరలూ మధ్య నుంచి అంచులకు బిగించుకోండి, ముడతలు రావు. తరవాత అంగుళం దూరంలో వరసగా చేతికుట్లు వేయండి. చీర అంచునే చుట్టూ గోటుగా వేస్తే పని పూర్తవుతుంది.

ముక్కల కోసం బజారుకు వెళ్ళక్కర్లేదు. దర్జీ దగ్గర రవికె కుట్టించినప్పుడు మిగిలిన పేలికలు అడిగి తెచ్చుకోండి. ఇంట్లో పాత కలంకారీ దిండు గలీబు ఉంటుంది. చిరిగిన మంగళగిరి చీర ఉంటుంది. మత్రా బజారులో కొని, ఒకసారి కట్టి పక్కన పెట్టిన గుడ్డా ఉంటుంది.

రంగుల సంగతికి వస్తే, మేపిల్ ఆకు మనం చూడని చెట్టుది. మన శరత్తుకు వేరే రంగులున్నాయి. బతుకమ్మలో పేర్చే తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి నారింజ. తేలియా రుమాలు ఎరుపు. సలాలా కొండల పచ్చ, వాటి మీది మంచు బూడిద రంగు. ఈ ఆరూ పక్కపక్కన పెడితే అది ఏ దేశపు ఖరీఫో చెప్పడం కష్టం. ఒమాన్‌లో బతుకుతున్న తెలుగువాళ్ళ ఖరీఫ్ అని మాత్రం చెప్పవచ్చు.

ఒక్క పని మాత్రం మరచిపోవద్దు. పట్టీ వెనక, ఒక మూల, చిన్న తెల్ల ముక్క కుట్టి దాని మీద దారంతో సంవత్సరం, ఊరు, కుట్టినవాళ్ళ పేరు వేయండి. ఏ ముక్క ఎవరి చీరదో ఒక కాగితం మీద రాసి పిల్లల చేతికివ్వండి. రెండు వేల ఏళ్ళుగా ఈ సముద్రం మీద తిరిగిన బట్టకు లెక్కలు రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. దాన్ని కుట్టినవాళ్ళ పేర్లు మాత్రం మనకు మిగల్లేదు. ఇకనుంచి కుట్టేవాళ్ళవైనా మిగలాలి.